నాయన తలలో దారులు

బేస్తవారిపేట,
డిసెంబరు 11.

చిరంజీవి ఆనంద్‌కు అక్క రాధిక రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. అందులో మొదటి సగం నిజం కాదు, రెండో సగం మీద నాకు ఆసక్తి లేదు. అయినా మర్యాద కోసం చెబుతున్నాను. నాయన పది రోజులుగా మంచం దిగి గొర్రెల దొడ్డి దాకా నడుస్తున్నాడు. అమ్మ మోకాళ్ళ నొప్పులతోనే మందను తోలుకుపోతోంది. మా ఇంట్లో ఎవరికీ జ్వరాలు లేవు. దీన్ని క్షేమం అంటారో లేదో నువ్వే తేల్చుకో.

నీ ఉత్తరాలు మూడూ అందాయి. మొదటి రెండూ చదివి పక్కన పడేశాను. మూడోదానికి జవాబు రాయక తప్పడం లేదు కాబట్టి రాస్తున్నాను. సెప్టెంబరు నుంచి నా ఫోనులో నీ నంబరు బ్లాకులోనే ఉంది. ఈ ఉత్తరం తర్వాత కూడా దాన్ని తీయాలని నాకు లేదు.

నాలుగు సంగతులు అడిగావు.

నాయన మాట ఎలా ఉందని అడిగావు. వాక్యం వస్తుంది, పేరు రాదు. గొంగడి కావాలంటే "అదీ, నల్లది, కప్పుకునేది" అంటాడు. చెంబు కావాలంటే చేత్తో తాగినట్లు చూపిస్తాడు. పోయిన వారం అమ్మ పేరు గుర్తు రాక కాసేపు వెతుక్కుని, చివరికి నవ్వి, ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆసుపత్రిలో మాటల శిక్షణ ఇచ్చిన ఏంజెల్ వారానికి రెండుసార్లు వీడియో కాల్‌లో నేర్పిస్తోంది. కొన్ని పేర్లు తిరిగి వస్తాయట. ఎన్ని వస్తాయో ఆ అమ్మాయి చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫిట్స్ మళ్ళీ వచ్చాయా అని అడిగావు. ఆపరేషన్ తర్వాత ఒక్కసారి, అక్టోబరులో, కుడి చెయ్యి మాత్రం కొట్టుకుంది. మాత్రలు పొద్దునా సాయంత్రం తప్పడం లేదు. బడిలో పాఠాలు చెప్పడానికి పోయే ముందు నేనే ఊరికి పోయి ఇచ్చి వస్తున్నాను.

అమ్మ నన్ను తలుచుకుంటోందా అని అడిగావు. మూడు నెలల్లో నీ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. పక్కింటివాళ్ళు ఎత్తితే లేచి వెళ్ళిపోయేది.

నాలుగో ప్రశ్నకు చివర్లో వస్తాను. దానికన్నా ముందు నువ్వు వినాల్సినవి ఉన్నాయి. నీకు తెలియనివి కొన్ని, తెలిసీ తెలియనట్లు ఉన్నవి కొన్ని.

నిరుడు మార్చిలో నువ్వు ఊరికి వచ్చి మన అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టుకున్నావు. మీ ల్యాబులో మనిషి మెదడులోని తెల్లటి నరాల దారులకు పటం గీస్తున్నారని, ఇప్పటిదాకా పట్నంవాళ్ళ తలలే దొరికాయని, ఎండలో కష్టం చేసి బతికే యాభై దాటినవాళ్ళు కూడా కావాలని చెప్పావు. బూడిద రంగు భాగం ఆలోచిస్తే, ఆ ఆలోచనను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసేది తెల్లటి భాగమని చెప్పావు. అప్పుడు నాయన అడిగాడు.

"తల కొయ్యకుండా దారి యాట్ల కనపడుద్దిరా?"

"దారి కనపడదు నాయనా. నీళ్ళ కదలిక తెలుస్తది. మెదడు నిండా నీళ్ళే. నరం పొడుగునా అయితే నీళ్ళు తేలిగ్గా కదుల్తాయి, నరానికి అడ్డంగా అయితే కదల్లేవు. యాడ నీళ్ళు ఎటు పోతన్నాయో ఎమ్మారై మిషను కనిపెడ్తది. దాన్నిబట్టి మేం గీత గీస్తాం."

"అంటే డొంక దారి జూడకుండా, గొర్రెలు పోయే వాటం జూసి ఈడ డొంకుండాదని చెప్పినట్ల."

నువ్వు నాయన మోకాలి మీద చెయ్యి వేసి, "మా సారు గూడా ఇంత బాగా చెప్పలేదు నాయనా" అన్నావు. నాయన ముఖం ఎలా వెలిగిందో నేను చూశాను. ఊళ్ళో ఎవరు కనపడినా నెల రోజులు ఆ మాటే చెప్పుకున్నాడు. నేను పెళ్ళయ్యాక కూడా ఆరు కిలోమీటర్ల దూరంలోనే ఉండి, వారానికి మూడు రోజులు ఆ ఇంటి పని చూసినదాన్ని. నా మాట ఒక్కదానికి కూడా ఆ ముఖం అలా వెలగలేదు. ఇది నీ తప్పు కాదు. కానీ ఆ రోజు నుంచే నీ మీద నాకు కడుపులో మంట మొదలైంది. అది కూడా రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది.

మన ఊళ్ళో జీపు నడిపే పెద్దయ్య బండిలో ఎనిమిది మందిని హైదరాబాదు తీసుకుపోయావు. తోడుగా నేనూ వచ్చాను. నాయనను ఆ మిషను గొట్టంలోకి పంపేటప్పుడు నువ్వు రెండు మాటలు చెప్పావు. "కదలొద్దు నాయనా, కదిల్తే అంతా మొదటి నుంచీ తియ్యాల. ఇబ్బందైతే ఈ బంతి నొక్కు." గంటా పది నిమిషాలు పట్టింది. బయట కుర్చీలో కూర్చున్న నాకే ఆ మోతకు తల పగిలిపోయింది.

తిరుగు ప్రయాణంలో టీ కోసం జీపు ఆపినప్పుడు నాయన నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. సగంలోనే ఒంటికి వచ్చి ఆపుకోలేకపోయాడట. బంతి నొక్కితే నీ పని చెడిపోతుందని నొక్కలేదట. పంచె తడిసిపోయినా కదలకుండా అట్లే పడుకున్నాడట. అరవై ఏళ్ళ మనిషి. బయటికి వచ్చాక మీ ల్యాబు వాళ్ళు ఇచ్చిన పైజామా తొడుక్కుని, తడి పంచెను సంచిలో దాచుకుని, నీ ముందు నవ్వుతూ నిలబడ్డాడు. "వానికి చెప్పబాకమ్మా, సిన్నబోతాడు" అన్నాడు. ఇన్నాళ్ళు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. చిన్నబో.

అంతకుముందు, హైదరాబాదు నుంచి బయలుదేరే రోజు పొద్దున నువ్వు నన్ను కంప్యూటరు ముందుకు పిలిచి నాయన తల చూపించావు. రంగుదారాల ఉండ మాదిరి ఉంది. అటూ ఇటూ పోయే దారులు ఎర్రవి, ముందుకూ వెనక్కూ పోయేవి ఆకుపచ్చవి, పైకీ కిందికీ పోయేవి నీలివి అని చెప్పావు. ఎడమ చెవికి పైన ఒకచోట ఆకుపచ్చ దారాలు తిన్నగా పోకుండా దేన్నో తప్పించుకున్నట్లు ఒంగి ఉన్నాయి. నేను చదువుకున్నది తెలుగు, చెప్పేది తెలుగు. అయినా నా కంటికి కనపడింది.

"అది ఏందిరా, అట్ల వంగింది?" అన్నాను.

నువ్వు గబుక్కున బొమ్మ మార్చేసి, "ఏం లేదక్కా. నాయన కదిలినట్టుండాడు" అన్నావు.

నాయన కదల్లేదు, ఆనంద్. కదలకుండా ఉండటానికి ఆయన ఏం చేశాడో ఇప్పుడే రాశాను. నీకు ఆ పొద్దున్నే తెలుసు. తెలిసీ నేరం నాయన మీదికి తోశావు. మీ నియమాల ప్రకారం నువ్వు నోటితో చెప్పకూడదని, మీ ల్యాబు డాక్టరే లెటరు రాసి పంపాలని మొదటి ఉత్తరంలో రాశావు. అలాగే అనుకుందాం. ఆ తర్వాత పదిహేను నెలలు ప్రతి ఆదివారం ఫోను చేశావు కదా. వానలు పడ్డాయా అని అడిగావు. ఎన్ని గొర్రెలు ఈనాయని అడిగావు. నా కూతురి మార్కులు అడిగావు. లెటరు అందిందా, నాయనను డాక్టరుకు చూపించారా అని ఒక్క ఆదివారమన్నా అడిగావా? అడిగితే జవాబు వినాల్సి వస్తుందని భయపడ్డావు. నీ భయాన్ని నియమం అని పిలుచుకున్నావు.

జులైలో కంభం దారిలో మంద మేపుతుండగా నాయన పడిపోయాడు. పక్కన అమ్మ ఒక్కతే ఉంది. నాలుక కొరుక్కుని, నోట్లో రక్తంతో కొట్టుకుంటున్న మనిషిని ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు మీద పోయే ఆటోను ఆపడానికి తన పైట తీసి ఊపింది. మీ పటంలో ఆ దారి ఏ రంగులో ఉంటుందో నాకు తెలియదు.

ఆ తర్వాతది నీకూ తెలుసు. సెప్టెంబరులో ఆపరేషన్‌కు ముందు డాక్టర్ వినయ్ కుమార్ పాత స్కానింగునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. చింతగింజంత ఉన్న గడ్డ రేగుపండంత అయిందని చెప్పాడు. "అప్పుడే ఎందుకు రాలేదు?" అని అడిగాడు. నువ్వు, "మా డాక్టరు లెటరు పంపించాడు సార్, అక్క బడి అడ్రసుకు" అన్నావు. నేను, "ఏ లెటరూ రాలేదు" అన్నాను. అప్పుడు అమ్మ నీ వైపు తిరిగింది.

"తెలిసి పదైదు నెల్లు నా ముందర నోరు మూసుకుంటివా? ఫోన్లో నా ఆరోగ్యం అడుగుతా ఉంటివి గదరా. ఊర్లో అడుగు బెట్టబాక. నాకు కొడుకు లేడనుకుంటా."

నువ్వు నా వైపు చూశావు. నేను గోడకున్న క్యాలెండరు చూశాను.

ఆపరేషన్ సంగతి నీకు పూర్తిగా తెలియదు, అమ్మ నిన్ను పైకి రానివ్వలేదు కాబట్టి. నువ్వు ఆసుపత్రి కింది గదిలో రెండు రోజులు కూర్చుని నాయన మాటల దారికి పటం గీసి ఇచ్చావు. ఆ పటం చూశాకే వినయ్ కుమార్ ముందు అనుకున్న వైపు వదిలేసి, వెనక నుంచి పోవాలని నిర్ణయించుకున్నాడు. ముందు అనుకున్నట్లు పోయి ఉంటే మాట మొత్తం పోయేదని ఆయనే నాతో అన్నాడు. ఇది నీకు చెప్పకుండా దాచుకుందామనుకున్నాను. ఒకసారి దాచిన దానికే ఇంత అయింది కాబట్టి చెబుతున్నాను.

అయితే రెండో ముక్క కూడా విను. తల తెరిచాక నాయనను మెలకువలోనే ఉంచి, బొమ్మలు చూపిస్తూ పేర్లు చెప్పించారు. ఆసుపత్రి బొమ్మల్లో గిటారు, పెంగ్విను ఉన్నాయి. ముందు రోజు నేనే కూర్చుని వాటి బదులు మేక, కడవ, కొడవలి, రోకలి గీసి ఇచ్చాను. ఏంజెల్ లోపల ఒక్కొక్కటే చూపించింది, జరిగింది తర్వాత తనే నాకు చెప్పింది. డాక్టరు ఒక్కో చోట సన్నని కరెంటు తాకించి, మాట ఆగుతుందేమో చూసి, ఆగకపోతేనే ముందుకు పోయాడు. మేక అన్నాడు. కడవ అన్నాడు. కొడవలి చూపిస్తే, "అదీ... అదీ... కోసేది" అన్నాడు. కరెంటు తీయగానే "కొడవలి" అన్నాడు. మళ్ళీ తాకించారు, మళ్ళీ మాట పోయింది. దారి సరిగ్గా అక్కడే ఉంది. నీ గీత దానికి నాలుగు మిల్లీమీటర్లు అవతల ఉంది.

డాక్టరు అక్కడితో ఆపేశాడు. ఆ చోట కొంత గడ్డను వదిలేశాడు. నీ గీతనే నమ్మి కోసి ఉంటే? నీళ్ళు కదిలే వాటం చూసి గీసింది దారి కాదు, దారి ఉండవచ్చనే అంచనా. ఆ మాట అరుగు మీద కూర్చున్న రోజున నువ్వు చెప్పలేదు. మీ రంగుల బొమ్మలో ఎక్కడా "బహుశా" అని రాసి ఉండదు.

ఇప్పుడు నాలుగో ప్రశ్న.

"అక్కా, ఆ కవరు నిజంగానే రాలేదా, బడిలో ఇంకొకసారి వెతుకు" అని రాశావు. ఉత్తరం పోస్టులో వేయకుండా పారేశాడని మీ ల్యాబు గుమాస్తా విశ్వాసం అనే ఆయనను పనిలోంచి నిలిపేశారని, ఆయన తన పిల్లల మీద ఒట్టేసి పోస్టు చేశానంటున్నాడని, నా జవాబు మీదే విచారణ ముగిస్తారని రాశావు. చివర్లో, "నువ్వు రాలేదంటే రాలేదనే నమ్ముతా" అని కూడా రాశావు. ఆ వాక్యం చదివాక నాకు నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నన్ను అనుమానించి ఉంటే నాకు తేలికగా ఉండేది.

కవరు వచ్చింది. నిరుడు ఏప్రిల్ పద్దెనిమిదో తారీకున, బడికి, మామూలు పోస్టులో. పై చిరునామాలో నాయన పేరు, కింద నా పేరు. ఆరో తరగతి పిల్లలకు పరీక్ష పెట్టి, బల్ల దగ్గర కూర్చుని చించాను. ఇంగ్లీషులో ఉంది. రెండు మూడు మాటలకు డిక్షనరీ చూశాను. నాయన మెదడులో ఎడమ వైపు అనుమానించాల్సిన మచ్చ ఒకటి ఉందని, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి మళ్ళీ స్కానింగు తీయించాలని ఉంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి నాకు దారి లేదు. అర్థమైంది.

కానీ నేను అందులో ఒక్క ముక్కే పట్టుకున్నాను. మళ్ళీ స్కానింగు. మళ్ళీ ఆ గొట్టం, మళ్ళీ ఆ బంతి. వీడి చదువు కోసం మా నాయనను ఇంకోసారి పడుకోబెట్టాలని చూస్తున్నాడు, మచ్చ అని భయపెడుతున్నాడు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు బాగుంది. ఒక్కసారన్నా నీ పిలుపు నాయన చెవికి చేరకుండా నా చేతిలో ఆగిపోయింది కదా అని సంతోషపడ్డాను. ఆ సంతోషం ఉన్న మాట నిజం, ఆనంద్. కవరును బడి బీరువాలో పాత హాజరు రిజిస్టర్ల కింద పెట్టి తాళం వేశాను. నాయన తలనొప్పి అన్న రోజుల్లో గుర్తొచ్చేది. ఎండదెబ్బ అని చెప్పి మజ్జిగ ఇచ్చేదాన్ని.

ఆ కవరు, లోపలి కాగితం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. పోస్టు ముద్ర మీద తేదీ కనపడుతోంది. మీ ల్యాబుకు వేరే కాగితం మీద సంతకం చేసి కూడా రాశాను. విశ్వాసం గారికి క్షమాపణ ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఆయనకు విడిగా నాలుగు వాక్యాలు రాశాను, ఇవ్వు.

పంపే ముందు నాయనకు చెప్పాను. ఆదివారం పొద్దున దొడ్డి పక్కన బండ మీద ఎండలో కూర్చున్నాడు. అంతా విని, "సదువు" అన్నాడు. తెలుగులోకి మార్చి చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"ఇది యెవురికి రాసినారు?"

"నీకే నాయనా."

"పైన యెవురి పేరుండాది?"

"నీ పేరే."

ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా చదువుతున్నట్లే పైనుంచి కింది దాకా చూశాడు. తర్వాత దొడ్డిలోని గొర్రెల వైపు వేలు చూపించి ఏదో అనబోయాడు. ఆ పేరు రాలేదు. నలభై ఏళ్ళు వాటి వెంట తిరిగిన మనిషికి గొర్రె అనే మాట రాలేదు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయ్యి... అయ్యి అమ్మేటప్పుడు వాటిని అడగం గదా. నన్నట్ల జేసినారు మీ ఇద్దరూ. వాడు జూసినాడు, నోరు మూసుకున్యాడు. నువ్వు జూసినావు, నోరు మూసుకున్యావు. నా తల గదమ్మా ఇది. నాకు జెప్పల్యా?"

నేను కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు.

"పో. మీ అమ్మకు జెప్పు. నాకు ఇనపడేటట్ల జెప్పు."

అమ్మ తొట్టిలో నీళ్ళు పోస్తోంది. చెప్పాను. బిందె కింద పెట్టేసింది. నన్ను తిట్టలేదు. "నా కొడుకును నా నోటితోనే పొమ్మనిపిస్తివి గదే" అంది. అంతే, అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మాత్రలు గుమ్మం దగ్గరే నా చేతిలోంచి తీసుకుని లోపలికి పోతోంది. వింటే నీకు కొంచెం చల్లగా ఉంటుందని రాస్తున్నాను. నీ స్థానంలో ఉంటే నాకూ ఉండేది.

నేను నిన్ను క్షమించలేదు. నన్ను క్షమించమని అడగడమూ లేదు. నా అబద్ధం నీ మౌనాన్ని కడగదు, నీ మౌనం నా అబద్ధాన్ని కడగదు. ఈ ఉత్తరం రాసింది నాయన చెప్పాడు కాబట్టి. ఆయన అన్నమాట అన్నట్లే రాస్తున్నాను. "వాణ్ణి రమ్మను. బొమ్మలన్నీ తెమ్మను. ముందుది, తర్వాతది, అన్నీ. లోపల ఏం మిగిలిందో, ఎన్నాళ్ళుంటానో, నాకు జెప్పమను. నీకు గాదు, మీ అమ్మకు గాదు, నాకు."

పెద్దయ్యకు చెప్పాను, బస్సు దిగి ఫోను చేస్తే జీపు తెస్తాడు. నేను బస్సు దగ్గరికి రాను. నాయనతో మాట్లాడేటప్పుడు మిల్లీమీటర్లు చెప్పొద్దు, వేలితో చూపించు. తెలియనిది తెలియదని చెప్పు. మాట కోసం ఆయన వెతుక్కుంటుంటే ఎంతసేపైనా ఆగు.

నువ్వు చెప్పేటప్పుడు నన్నూ పక్కన కూర్చోమన్నాడు. కూర్చుంటాను.

ఇట్లు,
నీ తోబుట్టువు,
అక్క రాధిక.